సెకండ్ హ్యాండ్ లేజర్ ప్రింటర్ కొనేటోళ్లు జాగ్రత్త: బిల్లు మీద 288 ఎంబీ, లోపల 32

హన్మకొండ, వరంగల్ల జిరాక్స్ సెంటర్, మీసేవ నడిపేటోళ్లు, కొత్తగ పెడదామనుకునేటోళ్లు జర ఇది చదవుండ్రి. మా షాపుకు వరంగల్ల ఒక దుకాణంల రీఫర్బిష్డ్ లేజర్ ప్రింటర్ తీస్కున్నం, 9,500 పెట్టి. 32 ఎంబీ మెమరీతోని వచ్చే మిషన్ల ఎక్స్‌ట్రా 256ది వేసినం, మొత్తం 288 అని దుకాణపోడు చెప్పిండు, బిల్లు మీద గూడ గదే రాసిచ్చిండు. హాల్ టికెట్లు, వర్డ్ పేజీలు టకటక కొట్టి చూపెట్టిండు.

మోసం అక్కడనే ఉన్నది. ఉత్త అక్షరాలున్న పేజీ ప్రింటర్‌కు పోతే మస్తు తక్కువ డేటా, దానితోని మెమరీ ఎంతున్నదో తెల్వనే తెల్వది. యూనివర్సిటీ పిల్లలు ఫోటోలున్న ప్రాజెక్ట్ రిపోర్టులు, స్కాన్ పీడీఎఫ్‌లు తెచ్చుడుతోనే మొదలైంది, సగం పేజీ వచ్చి తక్కింది ఇంకో కాయితం మీద పడుడు, లేకపోతే మెమరీ సరిపోలేదని మెసేజ్ వచ్చి ఆగుడు. సబ్మిషన్ ముంగట పిల్లలు లైన్ల నిలబడుంటే ఎంత తిప్పలో ఈ పనిల ఉన్నోళ్లకు ఎరుకే.

ఫోన్ చేస్తే తప్పు కేబుల్‌ది అన్నడు, డ్రైవర్‌ది (ప్రింటర్‌ను నడిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్) అన్నడు, ఆఖరికి మీ కంప్యూటర్ల ర్యామ్ పెంచుకోండ్రి అన్నడు. అస్సలు నమ్మకుండ్రి. మాది పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీల ఏముండాలెనో కంప్యూటర్ ప్రింటర్‌కు చెప్పే భాషలు) మిషన్, ఇసొంటి వాటిల పేజీ బొమ్మ తయారయ్యేది ప్రింటర్ మెమరీలనే. ఏ4 పేజీ 600 డీపీఐల (అంగుళానికి 600 చుక్కలు) అంటే దగ్గరదగ్గర మూడున్నర కోట్ల చుక్కలు, బ్లాక్ అండ్ వైట్‌ల చుక్కకు ఒక్క బిట్ వేస్కున్నా 4 ఎంబీ దాటుతది, 1200 పెడితే నాలుగింతలు, 17 ఎంబీ. దానికి తోడు కంప్యూటర్ నుంచి వస్తున్న డేటా ఆపి పెట్టుకునుడు, ఫాంట్లు, స్కాన్ బొమ్మ విప్పుకునుడు, అన్నీ గా 32లనే సర్దుకోవాలె. ఇంక్‌జెట్ అయితే కొద్దికొద్దిగ కొట్టుకుంట డేటా కోసం మధ్యల ఆగుతది, లేజర్‌ల కాయితం కదిలి డ్రమ్ము కిందికి పోయినంక ఆగుడు లేదు, డేటా టైంకు రెడీ కాకపోతే సగం పేజే బయటికొస్తది.

ప్రింటర్ మెనూల నుంచి కాన్ఫిగరేషన్ పేజీ (ప్రింటర్ తన లోపల ఏమున్నదో తానే కొట్టిచ్చే కాయితం) తీస్తే టోటల్ మెమరీ 32 అని పడ్డది. సైడ్ కవర్ తీస్తే ఎక్స్‌ట్రా మెమరీ పెట్టే స్లాట్ ఖాళీ. గదే ఫైల్ 300 డీపీఐకి తగ్గించి కొడితే పేజీ నిండుగ వచ్చింది, ఇంక కేబుల్ తప్పు ఎట్లయితది?

మీరు పైసలు ఇయ్యకముందే గా కాన్ఫిగరేషన్ పేజీ కొట్టించుండ్రి. కంప్యూటర్ స్క్రీన్ మీద డ్రైవర్ సెట్టింగ్స్‌ల చూపెట్టే మెమరీ లెక్కకు తీస్కోకుండ్రి, చాలా డ్రైవర్లల్ల అది చేత్తోని మార్చుకోవచ్చు, మాకు గదే చూపెట్టిండు. పెన్ డ్రైవ్‌ల ఫోటోలతోని బరువైన పీడీఎఫ్ పట్కపోయి రెండు దిక్కులా ప్రింట్ కొట్టించుండ్రి. ఇంకొకటి, చిన్న చవక మిషన్లల్ల కొన్ని పేజీని కంప్యూటర్లనే తయారు చేసి పంపిస్తయి, వాటికి మెమరీ తక్కువున్నా నడుస్తది, తక్కువున్నదని ప్రతి దుకాణపోన్ని దొంగ అనొద్దు. మెమరీ చిప్ బయట కొనేటప్పుడు గూడ మోడల్ నంబర్ చూసే కొనుండ్రి, కంప్యూటర్‌ది తెచ్చి పెడితే మస్తు మిషన్లకు పట్టదు.

కాన్ఫిగరేషన్ పేజీ బిల్లుకు పిన్ కొట్టించి దుకాణం స్టాంప్ వేయించుకోండ్రి. మేమైతే పేజీ, బిల్లు రెండూ పెట్టి కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు కంప్లైంట్ ఇస్తున్నం, ఇట్లనే మోసపోయినోళ్లుంటే మీరు గూడ ఇయ్యుండ్రి.