ఊటీలో ఒక రాత్రి, కూనూరులో రెండు

అనంతపురం నుంచి నీలగిరి వెళ్లేవాళ్లకు నేను చెప్పేదొకటే. ఊటీ చూడండి, బస మాత్రం కూనూరులో పెట్టుకోండి.

డిసెంబరులో అమ్మను తీసుకుని కారులో వెళ్లాం. బెంగళూరు, మైసూరు దాటాక వచ్చే బందీపూర్ అడవి దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. అందుకే తెల్లవారుజామునే బయలుదేరాం. నీలగిరిలోకి బండి వెళ్లాలంటే కావాల్సిన ఈ-పాస్‌ను ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో తీసుకోండి, డబ్బులు కట్టక్కర్లేదు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అక్కడ నిషేధం, స్టీలువి పెట్టుకోండి.

ఊటీలో ఫోటోలు చూసి బుక్ చేసిన హోటల్ మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది. గోడలకు చెమ్మ, రగ్గులకు ముక్కిపోయిన వాసన, వేడినీళ్లు పొద్దున రెండు గంటలే. ఊరు 2,240 మీటర్ల ఎత్తున ఉంది, మన ఎండలకు అలవాటైన ఒళ్లు తట్టుకోలేదు. అమ్మ రాత్రంతా మోకాళ్లు ఒత్తుకుంటూనే ఉంది. పెద్దవాళ్లతో వెళ్తుంటే గదిలో గీజర్, హీటర్ ఉన్నాయా అని ఫోన్ చేసి అడగండి.

కూనూరు ఇంకాస్త కింద, దాదాపు 1,850 మీటర్లలో ఉంటుంది. హోమ్‌స్టే అద్దె ఊటీ గదికంటే ఎక్కువే అయింది, కానీ ప్రతి రూపాయికీ తగ్గట్టుంది. అడగకుండానే ఆ ఇంటావిడ వేడివేడి మిరియాల రసం తెచ్చి అమ్మకిచ్చింది.

టీ ఫ్యాక్టరీలో అమ్మ కదల్లేదు. పొడవాటి తొట్లలో పచ్చి ఆకు పరిచి, కింద నుంచి ఫ్యాన్ గాలి పెడతారు. "ఎండలో ఎందుకు ఆరబెట్టరు నాయనా?" అని అడిగింది. ఆకు వడలాలే గానీ ఎండిపోకూడదన్నాడు చూపించే అబ్బాయి. పిడికెడు ఆకు తీసి పిసికి చూపించాడు. విరగకుండా మెత్తగా ముద్దయింది. "మన కళ్లంలో చెనిక్కాయ గలగలమంటేనే ఎండినట్టు, ఇక్కడ గలగలమంటే చెడినట్టు" అంది అమ్మ. తర్వాత యంత్రంలో నలిగిన ఆకు గాలి తగిలి పచ్చదనం పోయి రాగి రంగుకు తిరుగుతుంది. ఆ వాసన చెప్తే తెలియదు.

1899లో మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా మొదలైన చిన్న రైలు మొత్తం ప్రయాణానికి టికెట్లు దొరకలేదు. కూనూరు నుంచి ఊటీకి ఎక్కాం, ఆ ముక్కకు డీజిల్ ఇంజనే. పట్టాల మధ్య రంపపు పళ్లలాంటి కడ్డీని పట్టుకుని కొండెక్కే ఆవిరి ఇంజన్‌ను మాత్రం కూనూరు స్టేషన్‌లో, ఇంజన్ మార్చేటప్పుడు, దగ్గరగా చూశాం.

టీ పొడి ఫ్యాక్టరీ దుకాణంలోనే కొన్నాం. పాలు పోసి మరిగించే మన టీకి ఆకు రకం కన్నా డస్టే, అంటే మెత్తటి పొడే, చిక్కగా దిగుతుందని చెప్పారు. అమ్మ రెండు కిలోలు తీసుకుంది, ఒకటి పక్కింటి వదినకు.