ఎమ్మెస్సీ స్కాలర్‌షిప్ దరఖాస్తు: అనంతపురంలో ఒక నెట్ సెంటర్ సేవ

అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి వెళ్లే దారిలోని ఒక నెట్ సెంటర్‌లో మా చెల్లెలి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువు కోసం జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయించాము. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చే పీజీ స్కాలర్‌షిప్‌కు ఎంపికైతే నెలకు 15,000 రూపాయల చొప్పున ఏడాదికి 10 నెలలు అందుతుంది కనుక, అప్పు జోలికి పోకముందే దీనిని ప్రయత్నించడం మేలు. నిర్వాహకులు ఫారం నింపడానికి ముందే బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమైందో లేదో తెరపై చూపించి, పదో తరగతి మార్కుల జాబితాలో పూర్తిగా ఉన్న ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరంగానే ఉందని పట్టుకున్నారు. ఆ శ్రద్ధ మెచ్చుకోదగినది. ప్రభుత్వ రుసుమే లేని దరఖాస్తుకు డబ్బు తీసుకుని రసీదు ఇవ్వకపోవడం మాత్రం బాగాలేదు. విద్యారుణం సంగతి అక్కడ అడగడం దండగ. 4 లక్షల రూపాయల వరకు సాధారణంగా తాకట్టు అక్కరలేదన్న విషయం కూడా వారికి తెలియదు, బ్యాంకుకే వెళ్లాలి.