బీటీ వంకాయా, నాటు వంకాయా: ఏది మేలు?

మా బాబాయి తెనాలి దగ్గర అరెకరంలో వంగతోట వేస్తాడు. పోయినసారి వెళ్ళినప్పుడు బుట్ట పట్టుకుని తోటలోకి దిగబోతుంటే వెనక నుంచి కేకేశాడు. "అమ్మాయ్, అవి కొయ్యకు. నిన్న సాయంత్రమే మందు కొట్టాం. మనకి దొడ్లో ఉన్నాయి, అవి కోసుకో." దొడ్లో పది మొక్కలున్నాయి. వాటికి వేపనూనె తప్ప ఇంకేమీ కొట్టరు. తోటలో కాయలు మర్నాడు తెల్లారకుండానే మార్కెట్‌కి వెళ్ళిపోయాయి.

బాబాయి మోసగాడేమీ కాదు. కాయకి సూదిమొన అంత బెజ్జం కనిపించినా కొనేవాళ్ళు పక్కన పడేస్తారు. ఆ కొనేవాళ్ళలో నేనూ ఉన్నాను. హైదరాబాద్‌లో తోపుడుబండి దగ్గర ఒక్కో వంకాయా తిప్పి తిప్పి చూసి, నిగనిగలాడేదే తీసుకుంటాను.

బీటీ వంకాయ లాంటి జన్యుమార్పిడి పంటల (అంటే వేరే జీవి జన్యువు ఎక్కించినవాటి) మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ తోటా, ఆ దొడ్డీ గుర్తొస్తాయి. మన వాదనలన్నీ ఒక పక్క ల్యాబ్‌లో పుట్టిన కాయ, ఇంకో పక్క అమ్మమ్మ పెరట్లో కాయ అన్నట్టు నడుస్తాయి. నిజానికి పట్నంలో చాలామందికి దొరికేది ఆ రెండూ కాదు, బాబాయి తోటలోది. కాబట్టి పోల్చాల్సింది మూడింటిని.

ముందు పురుగు సంగతి చెప్పుకోవాలి, గొడవంతా దానిదే. వంగకి మొవ్వు, కాయ తొలిచే పురుగు పెద్ద శత్రువు. గుడ్డులోంచి బయటికొచ్చిన పురుగు నేరుగా లేత మొవ్వులోకి దూరుతుంది, ఆ కొమ్మ చివర వాడి వేలాడిపోతుంది. కాయలు మొదలయ్యాక కాయలోకి దూరుతుంది. ఒకసారి లోపలికి పోయిందంటే పైన ఎంత మందు కొట్టినా దానికి తగలదు. అందుకని అది దూరకముందే చంపాలని రైతు మళ్ళీ మళ్ళీ కొడుతుంటాడు. మందు డబ్బా మీద ఇన్ని రోజులు ఆగి కొయ్యాలని రాసి ఉంటుంది. వంకాయని మూడు నాలుగు రోజులకోసారి కొయ్యకపోతే ముదిరిపోతుంది. ఆ లెక్కా ఈ లెక్కా ఎక్కడ కలుస్తాయి?

ఇక బీటీ వంకాయ. మట్టిలో బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా ఉంటుంది. బీటీ అంటే అదే. అది తయారుచేసే ఒక ప్రోటీన్ ఆ జాతి పురుగుల పొట్టలోకి వెళ్తే పేగుకి చిల్లులు పడి చస్తాయి. పురుగు పేగులో క్షారగుణం ఉంటుంది, ఆ ప్రోటీన్ అతుక్కునే చోట్లుంటాయి. మన పొట్టలో ఆమ్లం ఉంటుంది, ఆ చోట్లు లేవు. ఆ ప్రోటీన్‌ని చేయించే క్రై1ఏసీ అనే జన్యువుని బాక్టీరియా నుంచి తీసి మొక్కలోకి ఎక్కిస్తే మొక్కే ఆ ప్రోటీన్‌ని తయారుచేసుకుంటుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇదే బీటీని పొడిగా, ద్రావణంగా సేంద్రియ రైతులు ఎన్నో ఏళ్ళుగా పొలాల్లో చల్లుతున్నారు. అయితే పైన చల్లింది ఎండకి పోతుంది, కడిగితే పోతుంది. మొక్కలో ఉన్నది కాయతోపాటు కంచంలోకి వస్తుంది. ఈ తేడాని కొట్టిపారెయ్యలేం.

మన దేశంలో దీనికి 2009 అక్టోబరులో కేంద్రంలోని జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ పచ్చజెండా ఊపింది. గోల మొదలయ్యింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఏడు ఊళ్ళు తిరిగి అందరి మాటా విన్నారు, వాటిలో హైదరాబాద్ ఒకటి. 2010 ఫిబ్రవరి 9న నిలిపివేత ప్రకటించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా తొందరపడొద్దనే చెప్పింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని నిలబెట్టిన పుష్పమిత్ర భార్గవ గారు గట్టిగా అడ్డుపడినవాళ్ళలో ముఖ్యులు. చెయ్యాల్సిన పరీక్షలన్నీ చెయ్యలేదనీ, కంపెనీ ఇచ్చిన లెక్కల మీదే ఆధారపడకుండా బయటివాళ్ళు స్వతంత్రంగా పరీక్షించాలనీ ఆయన వాదన. ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది. కానీ ఆ నిలిపివేత ఇప్పటికీ తొలగలేదు. పరీక్షలు చాలలేదని ఆపినప్పుడు, ఆ పరీక్షలు చేసి తేల్చాలి కదా? తేల్చకుండా అటకెక్కించేశాం.

పక్కనే బంగ్లాదేశ్ 2013లో ఒప్పుకుంది. 2014 జనవరిలో ఇరవైమంది రైతులకి నారు ఇచ్చి మొదలుపెట్టారు, తర్వాత వేలమంది వేశారు. అక్కడ జరిపిన పరిశీలనల్లో పురుగుమందు ఖర్చు సగానికి దగ్గరగా తగ్గింది, దిగుబడి పెరిగింది. అసలు మందే కొట్టనక్కర్లేదనుకుంటే పొరపాటు. తెల్లదోమకీ, పచ్చదోమకీ కొట్టాల్సిందే. బీటీ ఆపేది తొలిచే పురుగునొక్కదాన్నే.

ఆరోగ్యం సంగతంటారా? ఈ కాయ తిని ఎవరికైనా హాని జరిగినట్టు రుజువైన దాఖలా ఇంతవరకూ లేదు. ఇంకో చిత్రం, జన్యుమార్పిడి తిండి మాకొద్దు అనే ఇళ్ళలోకి అది ఎప్పుడో వచ్చేసింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఇప్పుడు దేశంలో పండే పత్తిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా అదే. ఆ గింజల నూనె మిక్చర్లలో, వంటనూనెల్లో కలుస్తుంది. చెక్క గేదెలకి దాణా. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వచ్చే సోయా నూనె కూడా ఆ రకం గింజల నుంచి తీసిందే. నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు కాబట్టి కంగారు పడాల్సిందేమీ లేదు. కానీ "మేం ముట్టం" అనే ముందు వంటింటి డబ్బాలు ఒకసారి చూసుకోవాలి. అన్నట్టు, గింజల్లేని పుచ్చకాయ, గట్టి తోలు హైబ్రిడ్ టమాటా జన్యుమార్పిడివి కావు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం వారానికోసారి వాటినే తిడుతుంటారు.

నన్ను నిజంగా వెనక్కి లాగేది ఆరోగ్యం కాదు, పత్తిలో జరిగింది. బీటీ పత్తి వచ్చిన కొత్తలో శనగపచ్చ పురుగు బెడద తగ్గి రైతులు ఊపిరి పీల్చుకున్నారు. విత్తనం రేటు మాత్రం గుదిబండ అయ్యింది. 450 గ్రాముల ప్యాకెట్ పదహారు వందల పైన పలుకుతుంటే, 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్‌కి వెళ్ళి పోట్లాడితే 750కి దిగింది. ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం కూడా ఇచ్చేవారు, చుట్టూ అయిదు వరుసలు వెయ్యమని. మామూలు పురుగులు అక్కడ బతికి ఉంటే, బీటీని తట్టుకునే పురుగుల జాతి తొందరగా పెరగదని లెక్క. ఆ చిన్న ప్యాకెట్‌ని చాలామంది గట్టు మీదే పారేశారు. చివరికి గులాబీ రంగు పురుగు రెండు బీటీ జన్యువులు ఎక్కించిన పత్తిని కూడా తట్టుకునే స్థితికొచ్చింది. మందు పంపు మళ్ళీ భుజానికెక్కింది. రేపు వంగలోనూ ఇదే జరగదని ఎవరు హామీ ఇస్తారు? అరెకరం తోటలో బీటీ లేని వరుసలు వదలమంటే మా బాబాయి వదలడు. నాకు తెలుసు.

నాటు వంకాయ దగ్గరికొద్దాం. రుచిలో దీనికి పోటీ లేదు, ఇందులో నాకు వాదన అక్కర్లేదు. లేత ముళ్ళ ముచ్చికతో, చేతిలో ఇమిడేంత కాయ, గుత్తి వంకాయ కూరకి నూనెలో వేస్తే వెన్నలా మగ్గుతుంది. దీని అసలు బలం మాత్రం విత్తనం. మా నాయనమ్మ తోటలో మంచి కాయ ఒకటి చూసి దానికి గుడ్డపీలిక కట్టేది, ఎవరూ కొయ్యకుండా. అది పండి పసుపు తిరిగాక గింజలు తీసి, కడిగి, బూడిద పట్టించి ఎండబెట్టి దాచేది. వచ్చే ఏటికి ఖర్చు సున్నా. వంగ పుట్టిన నేల మనది, రకాలు వేలల్లో ఉన్నాయి. 2010 గొడవలో బలంగా వినిపించిన భయం కూడా ఇదే: బీటీ పుప్పొడి పక్క తోటల మీద పడితే ఆ రకాలు ఏమవుతాయని. వంగలో సొంత పూత మీదే ఎక్కువగా కాయ పడుతుంది కానీ తేనెటీగలు తిరిగే చోట పరపరాగ సంపర్కమూ జరుగుతుంది. కాబట్టి అది ఉత్త భయం కాదు.

అయితే రైతుబజారులో "నాటువండీ" అని అమ్మేదంతా నాటు కాదు. చాలావరకు కంపెనీ హైబ్రిడ్. దాని గింజ దాచి వేస్తే తల్లి లక్షణం రాదు. భాగ్యమతి, శ్యామల లాంటి పేర్లు విని నాటు అనుకునేవాళ్ళున్నారు. అవి మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన రకాలు. గింజ దాచుకోవచ్చు, అంతవరకు మంచివే. నిజమైన నాటు కాయకి పురుగు కూడా నిజంగానే పడుతుంది. దొడ్లో పది మొక్కల నుంచి మేం కోసిన బుట్టలో మూడోవంతు పుచ్చులే. పిన్ని పుచ్చు భాగం కోసి పారేసి మిగతాది వండింది. ఇంటికైతే సరే. అమ్ముకునేవాడికి?

మందుల్లేకుండా పండించే దారి లేదని కాదు. వాడిన మొవ్వుల్ని ఎప్పటికప్పుడు తుంచి తగలెయ్యడం, మగ రెక్కల పురుగుల్ని లాగి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టడం, వేప కషాయం కొట్టడం, వంగ మీద వంగ వెయ్యకుండా పంట మార్చడం. ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళు ఇవన్నీ చేస్తున్నారు, కాయ తెస్తున్నారు. కాకపోతే మనిషి రోజూ తోటలో ఉండాలి, కూలి దొరకాలి, మచ్చ ఉన్న కాయకి కూడా రేటు ఇచ్చే కొనుగోలుదారు ఉండాలి. మూడోదే అన్నిటికంటే కష్టం.

నా మట్టుకు నేను చెప్పాలంటే, పండించేవాళ్ళు తెలిసినవాళ్ళయితే నాటుదే. పుచ్చులున్నా సరే, రెండు రూపాయలు ఎక్కువైనా సరే. అది దొరకని రోజు, నిన్న మందు కొట్టి ఇవాళ కోసిన కాయా బీటీ కాయా పక్కపక్కన పెడితే నేను బీటీ కాయే తీసుకుంటాను. బండి మీద ఇది ఫలానా అని రాసి పెట్టి ఉండాలి, ఎంచుకునేది నేనై ఉండాలి. దొంగచాటుగా వచ్చేదైతే వద్దు. 2019లో హర్యానాలోని ఫతేహాబాద్‌లో అనుమతి లేని బీటీ వంగ తోట బయటపడింది. గడ్డిమందుకి చావని పత్తి విత్తనం మన ఊళ్ళలో ఎలా చేతులు మారుతుందో చెప్పక్కర్లేదు. నిలిపివేత ఉంటే విత్తనం ఆగిపోదు, బిల్లు లేకుండా వస్తుంది, అంతే.

ఈలోగా కథ వరిలోకి వచ్చేసింది. 2025 మేలో కేంద్రం ప్రకటించిన రెండు జన్యుసవరణ వరి రకాల్లో ఒకటి మన బాపట్ల సాంబ మసూరి నుంచి హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ చేసింది, రెండోది మారుటేరు వరి పరిశోధన కేంద్రం వారి కాటన్‌దొర సన్నాల నుంచి వచ్చింది. వీటిలో బయటి జన్యువు లేదు, ఉన్నదాన్నే సవరించారు. అందుకని బీటీకున్న కఠినమైన అనుమతుల దారి వీటికి వర్తించదు. వంకాయ వారానికోసారి తింటాం. అన్నం మూడు పూటలా తింటాం. అయినా వంకాయకి జరిగిన గోలలో పదోవంతు కూడా జరగలేదు.

ఇదంతా మొన్న ఫోన్‌లో బాబాయికి చెప్పాను. జన్యువు గురించి ఒక్క ముక్క అడగలేదు.

"రేటెంత?"

"ఇక్కడ ఇంకా రాలేదుగా బాబాయ్."

"బంగ్లాదేశ్‌లో ఇచ్చారన్నావుగా. వాళ్ళు మళ్ళీ విత్తనం కట్టుకోవచ్చా?"

"కట్టుకోవచ్చు. అక్కడిచ్చినవి హైబ్రిడ్‌లు కావు."

"అలాంటిదొస్తే చెప్పు, రెండు వరుసలు వేసి చూస్తా. సరే ఉంటానమ్మా, నాలుగో రోజు, మందు కలపాలి."