నాటకం + భోజనం కాంబో టికెట్ కొంటున్నారా? ముందు మా ముగ్గురి సంగతి చదవండి

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లను నాటకానికి తీసుకెళ్దామనుకుంటున్న వాళ్లకు ఈ పోస్టు. "సాయంత్రం భోజనం, ఆ తర్వాత పౌరాణిక నాటకం, రెండిటికీ ఒకే టికెట్" అని ఫోన్లో ప్రకటన కనిపిస్తే వెంటనే నొక్కకండి. నేను నొక్కాను. మూడు టికెట్లకు ₹5,601.96 వదిలింది. విడివిడిగా కొనుంటే ₹2,500 లోపు తేలిపోయేది. లెక్క కింద చెప్తాను. డబ్బు అలా ఉంచండి, నాన్న దేనికోసమైతే బస్సెక్కి వచ్చారో అది చూడనే లేదు.

నాన్నది ప్రొద్దుటూరు. వయసు 74. సురభి నాటక సమాజం పుట్టింది కడప జిల్లాలోనే, 1885లో, సురభి అనే ఊళ్లో. ఆ మాట నాన్న ఇప్పటికీ మా ఇంటి గొప్ప చెప్పుకున్నట్టే చెప్తారు. ఆయన చిన్నప్పుడు నాటకాలవాళ్లు ఊళ్లో తాత్కాలికంగా హాలు వేసుకుని నెలల తరబడి ఆడేవాళ్లట. తెర లేచే ముందు నటులంతా వేషాల్లోనే వరసగా నిలబడి ప్రార్థన పాడతారు కదా, అది వింటే చాలు, తర్వాత నాటకం ఎట్లా ఉన్నా ఫర్వాలేదంటారు. ఈసారి ఆడింది సురభి వాళ్లు కాదు, వేరే సమాజం. అయినా పద్యాలున్న పౌరాణికం అనేసరికి "పోదాం పామ్మా" అన్నారు. నేను, మా ఆయన, నాన్న. మూడు టికెట్లు.

యాప్‌లో ధర తలకు ₹1,499 అని ఉంది. పక్కనే ఎర్రక్షరాల్లో "ఇంకా 4 సీట్లే", దాని కింద సెకన్లు తగ్గిపోయే గడియారం. ఆ టెన్షన్‌లో గబగబా ముందుకెళ్లిపోయాను. చివరి పేజీకి వచ్చేసరికి ₹4,497కి 18 శాతం జీఎస్టీ ₹809.46, కన్వీనియెన్స్ ఫీజు తలకు ₹75 చొప్పున ₹225, ఆ ఫీజు మీద మళ్లీ జీఎస్టీ ₹40.50, "కళాకారుల సంక్షేమం" అని ₹30. ఆ చివరి దానికి పెట్టెలో టిక్కు వాళ్లే పెట్టి ఉంచారు. ముప్పై రూపాయలకు నాకేం బాధ లేదు, అడిగుంటే మూడొందలు ఇచ్చేదాన్ని. అడక్కుండా తీసుకున్నారు, అదీ నా కోపం.

ఇంటికొచ్చాక కూర్చుని చూస్తే తెలిసింది. మనం అడగనిది బుట్టలో వేసేయడం, ధర చివరిదాకా దాచి కొంచెం కొంచెంగా పెంచడం, లేని కొరత చూపించి తొందరపెట్టడం, ఈ మూడూ 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కొనేవాళ్లను తప్పుదారి పట్టించే పద్ధతులంటూ నోటిఫై చేసిన 13 డార్క్ ప్యాటర్న్‌ల జాబితాలో ఉన్నాయి. ఒక్క పేజీలో మూడూ పెట్టారు మహానుభావులు.

జీఎస్టీ సంగతి ఇంకా ముఖ్యం, చాలామందికి తెలియదు. నాటకం టికెట్ తలకు ₹500 దాటకపోతే దాని మీద జీఎస్టీ లేదు. మామూలు హోటల్ భోజనం మీద 5 శాతం. ఈ రెండిటినీ కలిపి ఒకే ధరగా అమ్మేసరికి మా దగ్గర మొత్తం మీద 18 శాతం లాగారు. పోనీ జీఎస్టీ నంబరున్న బిల్లు ఇవ్వండి అంటే ఇప్పటికీ ఇవ్వలేదు. ఆ నంబరుకు 15 అంకెలూ అక్షరాలూ ఉంటాయి, జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది. అందుకే ఇవ్వడం లేదేమోనని నా అనుమానం.

ఇక భోజనం. కూపన్ మీద "బఫే, 5 నుంచి 6:15 వరకు" అని ఉంది. "ఏందమ్మా, పొద్దు గుంకకముందే రాత్రి అన్నమా?" అని నాన్న నవ్వారు కూడా. సరిగ్గా ఐదింటికి బంజారాహిల్స్‌లో ఆ హోటల్‌కి వెళ్తే సగం కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. నేల తుడుస్తున్నారు, ఫినాయిల్ వాసన. కౌంటర్లో అబ్బాయి కూపన్ చూసి, "బఫే ఏడింటికి మేడమ్. డ్రామా కూపన్‌కి సెట్ మెనూ" అన్నాడు.

ఇది నేను ముందే ఆలోచించాల్సింది. మన దగ్గర ఇలాంటి హోటళ్లు చాలావరకు మధ్యాహ్నం మూడున్నర, నాలుగుకి వంటగది కట్టేసి మళ్లీ ఏడింటికే పొయ్యి వెలిగిస్తాయి. ఐదింటికి వేడివేడిగా దొరికేది టిఫిన్ సెంటర్లో ఇడ్లీ, బజ్జీ మాత్రమే. ఆ వేళకి "డిన్నర్" అని ఎవరైనా అమ్ముతున్నారంటే అది మధ్యాహ్నం మిగిలిందే అయ్యుంటుంది.

మాకు వచ్చినవి: మెత్తబడిపోయిన గోబీ మంచూరియా, వెజ్ బిర్యానీ, డబుల్ కా మీఠా. బిర్యానీ పైన మెతుకులు ఎండి బిరుసెక్కాయి, అడుగున నూనె పేరుకుంది. నాన్న ఒక మెతుకు రెండు వేళ్ల మధ్య నలిపి చూసి "పగటి అన్నమే ఇది" అని ప్లేటు పక్కకు జరిపారు. ఆయనకు షుగర్, మీఠా తినరు. విడిగా ఒక పెరుగన్నం చెప్పాం, రెండు నీళ్ల సీసాలు.

బిల్లు వచ్చింది. పెరుగన్నం ₹140, నీళ్లు ₹60 చొప్పున ₹120, మొత్తం ₹260. దాని కింద సర్వీస్ ఛార్జి ₹270! అసలు కంటే కొసరు ఎక్కువ అంటారే, అది బిల్లు రూపంలో చూడటం నాకదే మొదటిసారి. ఏమిటిదని అడిగితే కూపన్ భోజనం విలువ తలకు ₹900 అట, మూడు తొమ్మిదులు ₹2,700, అందులో పది శాతమట. గుమ్మం దగ్గర బోర్డు మీద మాత్రం "ఈవెనింగ్ బఫే ₹499" అని వాళ్లే రాసుకున్నారు.

మేనేజర్ వచ్చి, "మేడమ్, అది సిస్టమ్‌లో ఆటోమేటిక్‌గా పడిపోతుంది" అన్నారు.

"ఆటోమేటిక్‌గా పడకూడదనే కదండీ రూలు" అన్నాను.

నిజంగానే రూలు అదే. 2022 జూలై 4న అదే వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏ హోటలూ సర్వీస్ ఛార్జిని బిల్లులో తనంతట తాను కలపకూడదు. ఇవ్వాలా వద్దా అన్నది కస్టమర్ ఇష్టం. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మార్గదర్శకాలను సమర్థించింది. నీళ్ల సీసా విషయంలో మాత్రం గొడవ పడకండి. హోటల్లో కూర్చుని తాగే సీసాకు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. "మామూలు నీళ్లు ఇవ్వండి" అంటే సరిపోతుంది, నేను అనలేదు.

పావుగంట వాదిస్తే ₹270 తీసేశారు. గెలిచాననుకున్నాను. ఆ పావుగంట ఎంత ఖరీదైనదో కాసేపట్లోనే తెలిసింది.

యాప్‌లో "హాలు నడిచి వెళ్లేంత దూరం" అని రాశారు. హాలు సైఫాబాద్ వైపు. బంజారాహిల్స్ నుంచి అక్కడికి సాయంత్రం ఆరింటికి ఎవరు నడుస్తారో, 74 ఏళ్ల మనిషిని ఎవరు నడిపిస్తారో ఆ రాసినవాళ్లకే తెలియాలి. రెండు క్యాబ్‌లు క్యాన్సిల్ అయ్యాయి. ఆటో దొరికేసరికి ఆరు దాటింది. మాసబ్‌ట్యాంక్ దగ్గర ఇరుక్కున్నాం, లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర మళ్లీ ఇరుక్కున్నాం. ఆటోలో నాన్న ఏం మాట్లాడలేదు. జేబులోంచి కూపన్ ప్రింటు తీసి టైము చూడటం, మడిచి పెట్టుకోవడం, మళ్లీ తీయడం. నాటకం ఆరున్నరకి. మేం దిగింది 6:40కి.

సరే, లోపలికి పోదామంటే కూపన్‌తో పోనివ్వరు. దాన్ని కౌంటర్లో ఇచ్చి టికెట్ తీసుకోవాలట. ఆ మాట కూపన్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కౌంటర్లో ఒకే ఒక్క అబ్బాయి, వాడి ఫోన్లో స్కాన్ అవ్వడం లేదు, పేర్లు రిజిస్టర్‌లో వెతుకుతున్నాడు. మా ముందు ఇరవై మంది దాకా ఉన్నారు, అందరూ కూపన్‌వాళ్లే. పక్క కిటికీలో మామూలు టికెట్ కొన్నవాళ్లు వస్తున్నారు, డబ్బులిస్తున్నారు, లోపలికి పోతున్నారు. మా చేతికి టికెట్లు వచ్చాయి. వాటి మీద ధర ₹300 అని అచ్చు వేసి ఉంది.

లెక్క మీరే వేసుకోండి. టికెట్ ₹300, ఆ హోటల్లోనే అసలు బఫే తిన్నా ₹499, దానికి 5 శాతం జీఎస్టీ. తలకు ₹824, ముగ్గురికీ ₹2,472. మేం కట్టింది దానికి రెట్టింపు కంటే ఎక్కువ, అదీ బఫే తినకుండా.

సీట్లు "ప్రీమియం" అన్నారు. వెనక నుంచి రెండో వరస, బాగా పక్కకు. స్పీకర్ల దొంతర అడ్డొచ్చి స్టేజీ ఎడమవైపు సగం కనపడదు. ఎదురుగా మధ్య వరసలన్నీ ఖాళీ, హాలు సగం కూడా నిండలేదు. "ఇంకా 4 సీట్లే" గుర్తొచ్చింది.

లోపలికి వెళ్లేసరికి ఏడు దాటింది. నాన్న కూర్చుంటూనే పక్కాయన్ని అడిగారు: "ప్రార్థన అయిపోయిందా అయ్యా?"

"ఎప్పుడో అయిపోయింది పెద్దాయనా. రెండో రంగం నడుస్తోంది."

నాన్న కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

నటులను మాత్రం తప్పు పట్టడానికి లేదు. అంత ఖాళీ హాల్లోనూ గొంతు దాచుకోకుండా పాడారు. ఒక పద్యం చివర రాగం తీస్తే వెనక నుంచి "వన్స్‌మోర్" అని అరుపులు, వాటిలో ఒకటి నాన్నది. విరామంలో మేమే లేచి మధ్య వరసకి మారిపోయాం, ఎవరూ ఏమీ అనలేదు. ఆ నటులకు మా ₹5,600లో ఎంత చేరిందో అని ఇప్పటికీ అనిపిస్తుంది. మా ఆయన లెక్క ప్రకారం టికెట్ మీదున్న ₹300 కూడా పూర్తిగా చేరి ఉండదు.

మర్నాడు యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. భోజనం హోటల్ వాళ్ల బాధ్యతట, సీటు నాటకం వేసేవాళ్ల బాధ్యతట, వీళ్లు "కేవలం టికెట్లు అమ్మిపెట్టే వేదిక" అట. హోటల్‌కి ఫోన్ చేస్తే మేనేజర్ యాప్ వాళ్లనే అడగమన్నారు, మెనూ వాళ్లే ఒప్పుకున్నారట. డబ్బు తీసుకునేటప్పుడు ఒక్కరే ఉన్నారు, తిరిగి అడిగితే ముగ్గురయ్యారు. మూడు రోజులు వెంటపడితే ₹500 వోచర్ ఇస్తామన్నారు. అది కూడా వాళ్ల కాంబోలకే పనికొస్తుందట! వద్దన్నాను.

ఇప్పుడు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ₹5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్లోనే వేయొచ్చు. మీకూ ఇలా జరిగుంటే మూడు ఫోటోలు దాచుకోండి: చెల్లింపు చివరి పేజీ, హోటల్ బోర్డు మీద ధర, టికెట్ మీద అచ్చు ధర. నా ఫిర్యాదుకు బలం ఈ మూడే. బోర్డు ఫోటో మా ఆయన ఊరికే తీశాడు, లేకపోతే అదీ ఉండేది కాదు.

పెద్దవాళ్లకు నాటకం చూపించాలంటే రవీంద్రభారతిలో చాలా కార్యక్రమాలకు ప్రవేశం ఉచితమే. అసెంబ్లీ మెట్రో స్టేషన్ దగ్గరే, లక్డీకాపూల్ కూడా దూరమేం కాదు. ముందు నాలుగు ఇడ్లీలు తినిపించి తీసుకెళ్లండి, భోజనం ఇంటికొచ్చాక చేయొచ్చు. నాన్న ఊరెళ్లే ముందు మేం అదే చేశాం, ఆరోజు మెట్రో టికెట్లు, టిఫిన్ తప్ప ఖర్చు లేదు.

ఇదే కాంబో వచ్చే శనివారానికి కూడా యాప్‌లో అమ్ముతున్నారు, మళ్లీ "ఇంకా 4 సీట్లే". ఇప్పటికే కొనేసినవాళ్లుంటే ఆ భోజనం వదిలేయండి. ఐదున్నరకల్లా తిన్నగా హాలు దగ్గరికి వెళ్లి కూపన్ మార్చుకుని, ఆరుంబావుకి సీట్లో ఉండండి. మొదటి బెల్లు కొట్టాక ఇక బయటికి రాకండి. ప్రార్థన అయిదు నిమిషాల్లో అయిపోతుంది.