పుట్టీ మిక్సర్‌తో బంగారు మట్టి: ఆ స్పీడ్ డయల్ గురించి

పుట్టీ మిక్సర్ అంటే గోడకు పూసే పుట్టీని కలిపే కరెంటు మెషిన్. దాని వాట్లు, బరువు, రాడ్డు పొడవు పెట్టె మీదే ఉంటాయి. వాటి జోలికి పోను. నా గొడవంతా స్పీడ్ డయల్‌తోనే.

మా బాబాయి, నేను పాత కంసాలి కొట్ల మట్టి కడుగుతాం. సికింద్రాబాద్ పాట్ మార్కెట్ వైపు, పాతబస్తీలో ఎవరైనా మట్టి నేల తవ్వించి టైల్స్ వేయించుకుంటే ఆ మట్టి మా దగ్గరికొస్తుంది. ఆకురాయి కింద రాలిన రజను, కుంపటి బూడిద అన్నీ అందులోనే. ఇసుకైతే ఇబ్బంది లేదు. దాని సాంద్రత 2.65, మేలిమి బంగారానిది 19.3, నగల రజనుది ఇంకాస్త తక్కువ. గమేళాలో తిప్పితే విడిపోతాయి. బంకమట్టితోనే చిక్కు. గడ్డలో ఇరుక్కున్న రజను ఆ గడ్డతో పాటే దొర్లి బయటికి పోతుంది. పోతూ పోతూ అడుగున చేరినదాన్ని కూడా అంటించుకుపోతుంది. అందుకే కడగడానికి ముందే ప్రతి గడ్డా మజ్జిగలా పలచబడాలి.

రాణిగంజ్‌లో కొన్న ఈ మెషిన్ ఆ పని భలే చేసింది. డయల్ ఒకటి మీద పెడితే గడ్డలు ఒకదాన్నొకటి రాసుకుని అరిగేవి, టబ్ దాటి చుక్క వచ్చేది కాదు. తెలిసినవాళ్లందరికీ కొనమని చెప్పాను.

వానాకాలంలో డయల్ మొరాయించింది. ఒకటి మీదే ఉంది, స్విచ్ నొక్కగానే ఫుల్ స్పీడ్. సగం టబ్ గోడ మీద! మామూలు బురదైతే తుడిచి పారేస్తాం, ఇది కస్టమర్ మట్టి. బాబాయి గోడంతా బ్రష్‌తో కడిగించి, ఆ నీళ్లు మళ్లీ టబ్‌లో పోయించాడు. "గోడక్కూడా వాటా ఇస్తావేంట్రా?" అని ఒకటే సణుగుడు. అమ్మిన షాపువాళ్లేమో తడి తగిలింది, వారంటీ రాదన్నారు. తడి తగలకుండా పుట్టీ ఎవరు కలుపుతారో వాళ్లే చెప్పాలి. ట్రూప్ బజార్‌లో ఒకతను డయల్ తీసేసి డైరెక్ట్‌గా కలిపిచ్చాడు. ఇప్పుడు ఒకటే స్పీడు, టబ్ మీద రేకు మూత కప్పి నడుపుతున్నాం.

మెషిన్ రిపేరులో ఉన్నప్పుడు ఇంకో సంగతి బయటపడింది. బోరు నీళ్లు కాకుండా నల్లా నీళ్లలో వాషింగ్ సోడా వేసి రాత్రంతా నానబెడితే, పొద్దునకి సగం గడ్డలు కర్రతో కలిపితేనే విడిపోయాయి. మా బోరు నీళ్లు కఠినం. అందులోని కాల్షియం బంకమట్టి రేణువుల్ని మళ్లీ ముద్ద కట్టిస్తుంది. సోడా ఆ కాల్షియాన్ని కట్టేస్తుంది. మెషిన్‌తో కలిపినప్పుడూ సోడా వేసేవాళ్లం, అంటే మొదట్లో నేను మెషిన్‌కిచ్చిన మార్కుల్లో కొన్ని సోడావే. సన్న రజను నీటి మీద తేలకుండా రెండు చుక్కలు గిన్నెల సబ్బు ద్రవం మాత్రం ఎలాగూ వేయాల్సిందే.

ఎప్పుడో ఒక బకెట్ మట్టి కడిగేవాళ్లకు సోడా, కర్ర చాలు. మాకు సంచుల లెక్కన వస్తుంది కాబట్టి మళ్లీ మెషినే కొంటాను. కాకపోతే డయల్ విడిగా దొరుకుతుందో లేదో ముందే అడిగి కొంటాను.