ఏరోప్లాన్ పాయింట్లతో బిజినెస్ క్లాసు: పెద్దవాళ్లతో అమెరికా వెళ్లే కుటుంబాలకు ఒక సమీక్ష

వయసు మీద పడిన తల్లిదండ్రులను బిజినెస్ క్లాసులో అమెరికాకు పిలిపించుకోవాలనుకునే పిల్లలకు, నేను చూసినంతలో, ఎయిర్ కెనడా విమాన సంస్థ వారి ఏరోప్లాన్ అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడే పాయింట్ల పథకం. అయితే ముగ్గురు నలుగురికి ఒకే విమానంలో సీట్లు కావాలంటే మాత్రం దాని సాయం సగం వరకే అందుతుంది. ఈ రెండు మాటలకూ కారణాలు వివరంగా చెబుతాను, ఎందుకంటే మా అనంతపురంలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు వీధికొకటి ఉన్నా, పాయింట్లతో టికెట్టు ఎలా తీసుకోవాలో తెలిసినవారు తక్కువ.

మా ఇంటి నుంచి బయలుదేరింది ముగ్గురం: ఎనభై దాటిన మా అమ్మ, నా భార్య, నేను. మోకాళ్ల నొప్పులున్న అమ్మ అంతసేపు కాళ్లు ముడుచుకుని కూర్చోలేదు, మూడు బిజినెస్ టికెట్లు డబ్బు పెట్టి కొనే స్తోమత మాకు లేదు. న్యూజెర్సీలో ఉంటున్న మా అమ్మాయి ఇంటి ఖర్చులన్నీ క్రెడిట్ కార్డుల మీద పెడుతూ కూడబెట్టిన పాయింట్లే మాకు దారి చూపాయి. అమెరికాలోని ఆమెక్స్, చేజ్, క్యాపిటల్ వన్ కార్డుల పాయింట్లు ఏరోప్లాన్‌లోకి ఒకటికి ఒకటి చొప్పున మారతాయి. పైగా ఖాతా ఒకరిదైనా టికెట్టు ఎవరికైనా తీసుకోవచ్చు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ పథకంలో అయితే ముందుగా నమోదు చేసిన ఐదుగురికే ఆ వీలు ఉంటుంది. అల్లుడి ఖాతా నుంచి అత్తమామలకు, కోడలి ఖాతా నుంచి వియ్యంకులకు టికెట్లు తీసుకునే మన కుటుంబాలకు ఇది చాలా పెద్ద వెసులుబాటు.

రెండో మేలు పన్నుల దగ్గర కనిపిస్తుంది. పాయింట్లతో తీసుకున్న టికెట్టు మీద కూడా ఇంధన సర్‌చార్జీ పేరుతో వందల డాలర్లు వసూలు చేసే పథకాలు చాలా ఉన్నాయి. జర్మనీ సంస్థ లుఫ్తాన్సా ఎయిర్ కెనడాకు భాగస్వామి కాబట్టి దాని విమానాల్లోనూ ఏరోప్లాన్ పాయింట్లు చెల్లుతాయి; ఆ విమానాన్నే లుఫ్తాన్సా సొంత మైళ్లతో, అంటే దాని సొంత పథకపు పాయింట్లతో, బుక్ చేస్తే ఆ భారం పడుతుంది, ఏరోప్లాన్ ద్వారా చేస్తే పడదు. 2020 నవంబరులో పథకాన్ని కొత్తగా తీర్చిదిద్దినప్పటి నుంచి ఎయిర్ కెనడా ఈ సర్‌చార్జీలను తీసేసి, విమానాశ్రయ పన్నులూ, భాగస్వామి సంస్థల టికెట్టుకు 39 కెనడా డాలర్ల రుసుమూ మాత్రమే తీసుకుంటోంది.

ఎన్ని పాయింట్లు పడతాయన్నది మనం ఎగిరే దూరాన్ని బట్టి ఉంటుంది, మన తెలివితేటలు పనిచేయాల్సింది ఇక్కడే. 2020 నాటి పట్టిక ప్రకారం భారతదేశం, ఉత్తర అమెరికాల మధ్య బిజినెస్ క్లాసుకు మొత్తం దూరం 8,000 మైళ్ల లోపు ఉంటే ఒకవైపు 85,000 పాయింట్లు, దాటితే 1,00,000. తర్వాత అంకెల్లో మార్పులు జరిగాయి కాబట్టి ఇప్పటి లెక్క సైటులోనే చూసుకోవాలి, కానీ దూరాన్ని మెట్లుగా విభజించే పద్ధతి మాత్రం అలాగే ఉంది. ఢిల్లీ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా న్యూవార్క్ వెళితే కింది మెట్టులోనే ఉంటాం, బెంగళూరు నుంచి బయలుదేరితే పై మెట్టుకు వెళ్లిపోతాం. పాయింట్లు మిగులుతాయని మా అమ్మాయి మొదట ఢిల్లీయే అనుకుంది. కానీ 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ, బాగేపల్లి దాటుకుంటూ కారులో నేరుగా దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయానికి చేరుకోగలిగిన ముసలావిడను, ఆ పాయింట్ల కోసం ఢిల్లీ దాకా తిప్పడం నాకు ఇష్టం లేకపోయింది. ఎక్కువ పాయింట్లు పోయినా బెంగళూరే సరైన నిర్ణయమని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇక అసలు చిక్కు సీట్ల దగ్గర వస్తుంది. విమానంలో బిజినెస్ సీట్లు ఎన్ని ఖాళీగా ఉన్నా, భాగస్వామి పథకాల పాయింట్లకు విమానం నడిపే సంస్థ వదిలేవి కొన్నే. ఐరోపా సంస్థల విమానాల్లో చాలా రోజులు ఒకటో రెండో కనిపిస్తాయి. ముగ్గురికి అని వెతికితే ఏమీ లేదని చూపించే తేదీనే ఇద్దరికి అని వెతికితే సీట్లు దొరుకుతాయి, కాబట్టి ఎప్పుడూ ఒక్కరితో మొదలుపెట్టి సంఖ్య పెంచుకుంటూ వెతకాలి. మేము కూడా చివరికి అమ్మకూ నా భార్యకూ బిజినెస్ క్లాసు, అదే విమానంలో నాకు వేరే టికెట్టు మీద ఎకానమీ తీసుకున్నాం. లుఫ్తాన్సా పాత బిజినెస్ క్యాబిన్‌లో సీట్లు జంటలుగా పక్కపక్కనే ఉండటం అమ్మ విషయంలో బాగా కలిసొచ్చింది. సీటును మంచంలా పరిచే మీట ఎక్కడుందో చూపడానికీ, రాత్రి లేచి బాత్రూముకు తీసుకెళ్లడానికీ కోడలు చేయి చాచే దూరంలోనే ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేసరికి అమ్మ పాదాలు వాచలేదు. ఈ పథకానికి నేనిచ్చే మార్కుల్లో సగం దానికే.

టికెట్టు చేతికొచ్చాక చేయాల్సిన పని కూడా చాలా ఉంది. ఎయిర్ కెనడా ఇచ్చే బుకింగ్ నంబరు వేరు, లుఫ్తాన్సా దగ్గర అదే టికెట్టుకు ఉండే నంబరు వేరు. ఆ రెండో నంబరు అడిగి తీసుకుని, విమానం నడిపే సంస్థ సైటులోకి వెళ్లి సీట్లు ఎంచుకోవాలి, వీల్‌చెయిర్ కోరాలి, హిందూ శాకాహార భోజనం నమోదు చేసుకోవాలి. విడివిడిగా తీసుకున్న టికెట్లయితే ఒకే కుటుంబమని ఫోన్ చేసి చెప్పి, రికార్డులో రాయించుకోవడం మంచిది. మన ప్రాంతపు పెద్దల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే, అటువంటివారి అమెరికా వీసా మీద పేరు మొత్తం ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు దగ్గర, పేరు తెలియదు అనే అర్థంలో, ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. టికెట్టు మీద పేరు ఎలా ఉండాలో సంస్థను ముందే అడిగి తెలుసుకోవాలి, బుకింగ్ అయ్యాక దిద్దించుకోవడం కష్టం.

అదనంగా 5,000 పాయింట్లు ఇస్తే దారిలో ఒకచోట కొన్ని రోజులు ఆగే వీలు కూడా ఉంది గానీ, ఐరోపాలో బయటకు రావాలంటే షెంగెన్ వీసా కావాలి కాబట్టి మాకు అక్కరకు రాలేదు. ఒడిలో పసిబిడ్డతో వెళ్లేవారికి మాత్రం ఒక మంచి సంగతి: చాలా పథకాలు బిజినెస్ క్లాసు ధరలో పదో వంతు అడిగే చోట, ఇక్కడ 25 కెనడా డాలర్లతో సరిపోతుంది.

బ్యాంకు పాయింట్లను ఒకసారి ఏరోప్లాన్‌లోకి మారిస్తే వెనక్కి తీసుకోలేం, అందువల్ల సీటు కళ్ల ముందు కనిపించేదాకా బదిలీ చేయవద్దు. కనిపించిన సీటు కూడా చివరి క్షణంలో నిజం కాకపోవచ్చు. ఇది భాగస్వామి సీట్లు చూపించే పథకాలన్నిటిలోనూ ఉన్న ఇబ్బందే కాబట్టి, అదే సీటు మరో భాగస్వామి అయిన యునైటెడ్ విమాన సంస్థ సైటులో కూడా కనిపిస్తోందేమో సరిచూసుకుని అప్పుడు బదిలీ చేయాలి. రానూపోనూ కలిపి కొనాల్సిన అవసరం లేదు, ఒకవైపు టికెట్టుకు సగం పాయింట్లే పడతాయి. మేము తిరిగి వచ్చేటప్పటి టికెట్లను ఎకానమీలో తీసుకుని ఉంచాం, రుసుము కట్టి రద్దు చేస్తే పాయింట్లు తిరిగి ఖాతాలోకి వస్తాయి కనుక, బిజినెస్ సీట్ల కోసం మా అమ్మాయి ఇప్పుడూ వెతుకుతూనే ఉంది.