రిసీవర్ లేకుండా సబ్‌వూఫర్ పరీక్ష: ఫోనా, వేలా, బ్యాటరీనా?

సెకండ్ హ్యాండ్ సబ్‌వూఫర్ (బేస్ శబ్దాలు మోగించే స్పీకర్ పెట్టె) చూడ్డానికి వెళ్తే చాలాచోట్ల వినిపించే మాట ఇదే: "రిసీవర్ ముందే అమ్మేశానన్నా, సబ్ మాత్రం సూపర్‌గా ఉంది. కావాలంటే ప్లగ్గు పెట్టి చూపిస్తా." రిసీవర్ అంటే సబ్‌కి ధ్వని సిగ్నల్ పంపే పెట్టె. ప్లగ్గు పెడితే లైటు వెలుగుతుంది. దాన్ని చూసి డబ్బులిచ్చేయడమంటే, తాళం తిప్పితే లైటు వచ్చిందని ఇంజిన్ చూడకుండా బండి కొన్నట్టే. లోపల ఆంప్లిఫయర్ (సిగ్నల్‌ని బలంగా చేసే భాగం) పోయినా, కాయిల్ (శబ్దం పుట్టించే కోన్‌ని కదిలించే తీగచుట్ట) కాలిపోయినా ఆ లైటు వెలగొచ్చు. రిసీవర్ లేకపోయినా అసలు సంగతి తేల్చే దారులున్నాయి. అయితే ఒక్కో దారి ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది.

ముందు సబ్ వెనక్కి తిప్పి చూడండి. కరెంటు వైరు, వాల్యూమ్ నాబు, ఎర్రదో తెల్లదో ఆర్‌సీఏ సాకెట్ (మధ్యలో పిన్ను దిగే గుండ్రటి సాకెట్) ఉంటే అది యాక్టివ్ సబ్. అంటే ఆంప్లిఫయర్ దాని కడుపులోనే ఉంది. కరెంటు వైరు లేకుండా రెండు స్పీకర్ వైర్లు మాత్రమే ఉంటే పాసివ్. డీవీడీ హోమ్ థియేటర్ సెట్లతో వచ్చిన సబ్‌లు చాలావరకు ఈ రకమే. ఇక కరెంటు వైరు ఉండి, సాకెట్లేమీ లేకపోతే అది చాలావరకు సౌండ్‌బార్‌తో వచ్చే వైర్‌లెస్ సబ్. అది సాధారణంగా తన సొంత సౌండ్‌బార్‌తోనే జత కలుస్తుంది, కింద చెప్పే పరీక్షలేవీ దానికి పనికిరావు. విడిగా అమ్ముతుంటే కొనకండి.

యాక్టివ్ సబ్‌కి రెండు దారులు: ఫోన్, వేలు.

వేలి పరీక్ష మెకానిక్‌లు ఎప్పట్నుంచో చేసేదే. సబ్ వాల్యూమ్ బాగా తగ్గించి, ఆర్‌సీఏ కేబుల్ ఒక కొస సబ్‌కి గుచ్చి, రెండో కొసలో మధ్య పిన్నును వేలితో తాకుతారు. మన చుట్టూ ఉన్న ఇంటి వైరింగ్ నుంచి 50 హెర్ట్జ్ (సెకనుకి 50 సార్లు ఊగే) కరెంటు సిగ్నల్ మన ఒంటి ద్వారా పిన్నులోకి ఎక్కుతుంది. సబ్ బుయ్యిమంటే సాకెట్, ఆంప్లిఫయర్, కాయిల్ అన్నీ బతికున్నట్టే. ఒక్క కేబుల్ చాలు, క్షణంలో తేలిపోతుంది. కానీ తెలిసేది బతికుందా లేదా అన్నంతవరకే. ఎంత లోతుకి దిగుతుందో, ఎక్కడ గరగరలాడుతుందో తెలియదు. ధ్వని మన అదుపులో ఉండదు, వాల్యూమ్ ఎక్కువుంటే ఒక్కసారిగా దబ్బుమంటుంది. ఇది మూసి ఉన్న సబ్ ఇన్‌పుట్ సాకెట్‌కి మాత్రమే చేయాల్సిన పని. వెనక ప్లేటు విప్పి ఉన్న సబ్ జోలికి వేలు పోనివ్వకూడదు, లోపల మెయిన్స్ కరెంటు ఉంటుంది.

ఫోన్ దారికి 3.5 ఎంఎం నుంచి రెండు ఆర్‌సీఏలుగా చీలే కేబుల్ కావాలి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనే కాదు, మామూలు మొబైల్ షాపుల్లో కూడా దొరుకుతుంది. ఫోన్‌కి జాక్ లేకపోతే టైప్-సీ కన్వర్టర్ పెట్టుకోవాలి. ఓ టోన్ జనరేటర్ యాప్ (కోరిన శ్రుతిలో ఒకే ధ్వని మోగించేది) ముందే వేసుకుని వెళ్లండి. పాట పెట్టి పరీక్షించడం నాకు నచ్చదు. పాటలో బేస్ వచ్చిపోతూ ఉంటుంది, చిన్న గరగర ఉన్నా గొంతులూ వాయిద్యాల కింద దాక్కుంటుంది. ఒకే శ్రుతిలో ఆగకుండా మోగే టోన్ ముందు లోపాలు దాక్కోవడం కష్టం.

సబ్ ఆపి, వాల్యూమ్ సున్నాకి తెచ్చి, తర్వాతే కేబుల్ గుచ్చండి. ఎల్‌ఎఫ్‌ఈ (బేస్ ధ్వనికే కేటాయించిన ఇన్‌పుట్) అని రాసిన సాకెట్ ఉంటే అందులో, లేకపోతే ఎడమ సాకెట్‌లో. క్రాస్ఓవర్ నాబు (ఎంత శ్రుతి దాకా సబ్ మోగాలో నిర్ణయించేది) పూర్తిగా పైకి తిప్పండి. పవర్ స్విచ్ ఆటోలో కాకుండా ఆన్‌లో ఉంచండి, ఎందుకంటే ఫోన్ సిగ్నల్ బలహీనంగా ఉంటే ఆటోలో సబ్ నిద్ర లేవకపోవచ్చు. అలా లేవని సబ్‌ని పాడైపోయిందని వదిలేసుకునేవాళ్లూ ఉంటారు. ఫోన్‌లో బేస్ బూస్ట్, డాల్బీ లాంటివన్నీ ఆపేసి, ఫోన్ వాల్యూమ్ బాగా పెంచి, సబ్ వాల్యూమ్ మెల్లగా ఎక్కించండి.

టోన్ మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం ఏమీ మోగించకుండా కోన్ దగ్గర చెవి పెట్టండి. ఫోన్ ఛార్జింగ్‌లో లేకపోయినా గట్టిగా గుయ్యిమంటోందంటే కేబుల్ గానీ గ్రౌండ్ గానీ సరిగా లేకపోవచ్చు, లోపల కెపాసిటర్లు అరిగి ఉండొచ్చు. వేరే కేబుల్‌తోనూ అలాగే ఉంటే బేరం తగ్గించాల్సిన సబ్ అన్నమాట.

50 హెర్ట్జ్‌తో మొదలుపెట్టి 80కి వెళ్లి, తర్వాత మెల్లగా 40కీ, అక్కణ్నుంచి 30కీ దిగండి. దిగుతున్నకొద్దీ కోన్ ఊగడం కంటికి కనబడుతుంది. పోర్టు (పెట్టెలోంచి గాలి వచ్చే రంధ్రం) ఉన్న సబ్ అయితే దాని ముందు అరచెయ్యి పెట్టండి, గాలి తన్నుకొస్తుంది. ఒకానొక అంకె దగ్గర టర్ర్ర్ మని శబ్దం వస్తే ముందు గ్రిల్ తీసి మళ్లీ వినండి. చాలాసార్లు వదులైన స్క్రూవో, సబ్ పక్కనున్న అద్దాల అల్మారానో అలా మోగుతుంది. గ్రిల్ తీసినా ఆ చప్పుడు కోన్ మధ్యలోంచే వస్తుంటే అది కాయిల్ రాసుకుంటున్న చప్పుడు అయ్యుండొచ్చు. 20 హెర్ట్జ్‌ని మాత్రం గట్టిగా మోగించకండి. పోర్టు సబ్‌లలో పోర్టు శ్రుతికి కిందకి పోతే కోన్‌ని ఆపే గాలి ఒత్తిడి ఉండదు, ఊగి ఊగి దెబ్బతింటుంది.

ఇంకో సంగతి. 40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 8.6 మీటర్లు. మన గదుల్లో అది గోడలకు కొట్టుకుని ఒక మూల బాగా వినిపించి, మధ్యలో మాయమైపోతుంది. "40 దగ్గర సౌండే లేదు" అని తేల్చేసే ముందు గదిలో అటూ ఇటూ నడిచి వినండి.

అమ్మేవాళ్ల ఇంట్లో పాత డీవీడీ ప్లేయరో సెట్‌టాప్ బాక్సో ఉంటే దాని తెల్ల, ఎర్ర అవుట్‌పుట్ కూడా వాడుకోవచ్చు. సిగ్నల్ ఫోన్ కంటే బలంగా ఉంటుంది. కాకపోతే టోన్‌లు మనకు కావాల్సినట్టు తిప్పుకోలేం. నారింజ రంగు డిజిటల్ సాకెట్ జోలికి పోవద్దు, దాన్నుంచి సబ్‌కి అందేది ధ్వని కాదు. మొత్తం మీద యాక్టివ్ సబ్‌కి నా ఓటు ఫోన్‌కే. కేబుల్ మర్చిపోయి వెళ్లినప్పుడు, అక్కడే ఏదో ఆర్‌సీఏ వైరు దొరికితే వేలు.

పాసివ్ సబ్ కథ వేరు. దాన్ని నేరుగా ఫోన్‌కి కలిపితే ఏమీ వినబడదు, కోన్‌ని కదిలించే శక్తి హెడ్‌ఫోన్ జాక్‌కి లేదు. ఇక్కడ పోటీ 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లుకీ మల్టీమీటర్‌కీ. సెల్లు ప్లస్‌ని ఎర్ర వైరుకి, మైనస్‌ని నల్ల వైరుకి అర సెకను తాకిస్తే కోన్ టప్ మని ముందుకి కదులుతుంది. అలా పట్టుకుని ఉంచకూడదు. మల్టీమీటర్‌ని (నిరోధం వగైరా కొలిచే మీటర్‌ని) 200 ఓమ్‌ల దగ్గర పెట్టి కొలిస్తే, వెనక రాసిన అంకె కంటే కొంచెం తక్కువ చూపించాలి: 4 ఓమ్‌ల సబ్‌కి 3 పైచిలుకు, 8 ఓమ్‌లదానికి 6 అటూఇటూ. ఓమ్‌ల అంకె రాకుండా 'OL' అనో ఎడమ చివర ఒక్క '1' అనో చూపిస్తే కాయిల్ తెగింది, సున్నాకి దగ్గరుంటే షార్ట్ అయింది. ఒక్కటే ఎంచుకోమంటే సెల్లే, ఎందుకంటే కాయిల్‌తో పాటు కోన్ కదలికనూ చూపిస్తుంది. కాయిల్‌లో కొన్ని చుట్లే షార్ట్ అయినా కోన్ కదులుతుంది కాబట్టి, మీటర్ చేతిలో ఉంటే అదీ పెట్టి చూడండి.

అయితే ఈ రెండూ సబ్ ఎలా మోగుతుందో చెప్పవు. రెండు చేతుల వేళ్లతో కోన్‌ని ఇరువైపులా సమంగా, నెమ్మదిగా లోపలికి నొక్కితే గీసుకున్న శబ్దం రాకూడదు. కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ వేలితో తాకితే పొడిలా రాలుతుంటే మార్పించే ఖర్చు ధరలోంచి తీసేయాలి. పాసివ్ సబ్‌కి ఎక్కువ డబ్బు పెట్టబోతుంటే ఇంట్లోని చిన్న స్టీరియో ఆంప్లిఫయర్ వెంట తీసుకెళ్లండి. ఆ ఆంప్లిఫయర్ కనీసం ఎన్ని ఓమ్‌ల స్పీకర్‌ని మోయగలదో వెనక చూసి, ఒక్క ఛానెల్‌కి సబ్ కలిపి, ఫోన్‌లోంచి అవే టోన్‌లు తక్కువ వాల్యూమ్‌లో పంపండి. అమ్మేవాళ్లు అందుకు ఒప్పుకోకపోతే, దాన్ని పాడైన సబ్‌గా లెక్కేసే బేరమాడండి.